ఇంట్లో తూటాలు నింపుకుంటే మిగిలేదెంత? హనుమకొండ ట్రాప్ షూటర్ విషయంలో ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని షూటర్ 23 ఏళ్ల యువకుడు. హనుమకొండలో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టి, ఇంజినీరింగ్ పూర్తయ్యే నాటికి పన్నెండు బోరు తుపాకితో గాలిలో ఎగిరే బిళ్లలను పగలగొట్టే ట్రాప్ విభాగానికి మారాడు. తండ్రి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అడ్తి వ్యాపారి. మేనమామ టెక్సాస్‌లో స్థిరపడ్డాడు. అక్కడ కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలను తన గ్యారేజీలోనే మళ్లీ నింపుకుంటాడు. శిక్షకుడిగా నా పని గురి నేర్పడంతో ముగియదు. సీజన్ మొదలయ్యే ముందు ఎన్ని తూటాలు కావాలి, రేంజ్‌కు ఎన్నిసార్లు వెళ్లాలి, ప్రయాణానికి ఎంత పడుతుంది అన్న లెక్క వేసి కుటుంబం చేతికి ఇవ్వడం కూడా నా బాధ్యతే. ఆ కాగితం చూసిన తండ్రి తూటాల పద్దు దగ్గర ఆగిపోయి, బావమరిది చేస్తున్న పని మనమెందుకు చేయకూడదని అడిగారు. ప్రతిపాదన సూటిగానే ఉంది. నింపే యంత్రాన్ని, నిప్పు పుట్టించే ప్రైమర్లను, తుపాకి మందును మేనమామ సెలవులకు వచ్చేటప్పుడు తెస్తాడు. ఖాళీ గొట్టాలు రేంజ్‌లో నేల మీదే దొరుకుతాయి. సీసం ఇక్కడ కొనుక్కోవచ్చు. కుర్రవాడు ఇంజినీరు కనుక యంత్రం నడపడం కష్టం కాదు.

నోటిమాటగా కాదనడం నాకు నచ్చలేదు. వ్యాపారం చేసే మనిషికి లెక్క చూపించకుండా వద్దని చెబితే, శిక్షకుడికి ఈ సంగతి తెలియదని అనుకుంటాడే తప్ప ప్రతిపాదన వదులుకోడు. అందుకే మేనమామ దగ్గర నుంచి ఆయన ఖర్చుల చిట్టా తెప్పించి, అక్కడి లెక్కను అక్కడి ధరలతోనూ, ఇక్కడి లెక్కను ఇక్కడి పరిస్థితులతోనూ విడివిడిగా వేసి, చట్టం సంగతి ఆ తర్వాత ఎత్తుకున్నాను. ఈ రాత ఆ కసరత్తు పూర్తి వివరం. మందు తూకాలు మాత్రం ఇందులో ఎక్కడా ఇవ్వడం లేదు. అవి ఒక్కో మందుకు, ఒక్కో గొట్టానికి, ఒక్కో వాడ్‌కు (తూటా లోపలి ప్లాస్టిక్ గిన్నెకు) వేరుగా ఉంటాయి. తయారీదారు పట్టిక లేకుండా ఎవరైనా చెప్పే తూకం ప్రమాదకరం.

ఏ తూటా మళ్లీ నిండుతుంది

తూటాలో నాలుగు భాగాలుంటాయి. అన్నింటినీ పట్టి ఉంచే గొట్టం, పిన్ను దెబ్బకు నిప్పు పుట్టించే ప్రైమర్, మండి వాయువుగా మారే మందు, ముందుకు దూసుకెళ్లే గుండు. పన్నెండు బోరులో ఒకే గుండుకు బదులు చిన్న సీసపు ఛర్రాలు ఉంటాయి, వాటికీ మందుకూ మధ్య వాడ్ అనే ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది. కాల్చిన తర్వాత చేతికి మిగిలేది గొట్టం ఒక్కటే. ఇంట్లో నింపుకునే పద్ధతి ఆర్థికంగా నిలబడేది ఆ ఒక్క వస్తువు మీదే: అన్నింటికన్నా ఖరీదైన భాగం గొట్టమైతే లాభం ఎక్కువ, చవకైన భాగం గొట్టమైతే లాభం తక్కువ.

ఈ కొలతతో చూస్తే మన శిక్షణార్థులు కాల్చే వాటిలో అత్యధిక భాగం మొదటే పక్కకు పోతుంది. ఎయిర్ రైఫిల్‌లో వాడేది 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్. దానికి గొట్టమూ లేదు, మందూ లేదు. పాయింట్ 22 రైఫిల్, పిస్టల్ తూటాలకు గొట్టం ఉన్నా విడిగా ప్రైమర్ ఉండదు. నిప్పు పుట్టించే రసాయనం గొట్టం అడుగు అంచులోని మడతలోనే నిండి ఉంటుంది, పిన్ను ఆ అంచును నలగ్గొట్టి దాన్ని రాజేస్తుంది. ఒకసారి నలిగిన అంచును బాగుచేసి మళ్లీ నింపడం ఆచరణలో కుదరదు. మిగిలేవి అడుగు మధ్యలో విడిగా ప్రైమర్ ఉండే సెంటర్‌ఫైర్ రైఫిల్, పిస్టల్ తూటాలు, పన్నెండు బోరు తూటాలు. ఈ కుర్రవాడు ట్రాప్ ఆడతాడు కాబట్టి ప్రశ్న కనీసం సరైన చోటే పడింది. పాయింట్ 22 ఆడేవాళ్ల తల్లిదండ్రులు ఇదే అడిగినప్పుడు నా జవాబు ఇక్కడితోనే ముగుస్తుంది.

ఇత్తడి గొట్టాల సెంటర్‌ఫైర్ తూటాల విషయంలో మరో మెలిక ఉంది. ప్రైమర్లలో రెండు పద్ధతులున్నాయి. బాక్సర్ పద్ధతిలో గొట్టం అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది. పై నుంచి సన్నని కడ్డీతో నొక్కితే పాత ప్రైమర్ ఊడి వస్తుంది. బెర్డాన్ పద్ధతిలో ప్రైమర్‌కు ఆనే మొన గొట్టంలోనే భాగంగా ఉండి, దాని పక్కన సాధారణంగా రెండు సన్నని రంధ్రాలుంటాయి. కడ్డీ దూరదు, పాత ప్రైమర్‌ను తీయడమే పెద్ద పని. ఈ పద్ధతులకు పేరిచ్చిన ఇద్దరిలో బెర్డాన్ అమెరికన్, బాక్సర్ ఇంగ్లీషువాడు. అయినా అమెరికాలో బాక్సర్ పద్ధతి స్థిరపడింది, దాని వెలుపల సైనిక కర్మాగారాల్లో బెర్డాన్ పద్ధతి విస్తారంగా నడిచింది. అమెరికాలో ఇంటింటా తూటాలు నింపుకునే అలవాటు బలపడటానికి ఇదీ ఒక కారణం. అక్కడి వీడియోలు చూసి మన దగ్గర ఏ గొట్టమైనా అంతే సులువుగా లొంగుతుందని అనుకోవడానికి వీల్లేదు.

మేనమామ చిట్టా

మేనమామ పంపిన వివరం శ్రద్ధగా రాసినదే. ఒక ఔన్సు ఛర్రాలు పట్టే పన్నెండు బోరు తూటాకు ప్రైమర్ 7 సెంట్లు, వాడ్ 3 సెంట్లు, మందు 11 సెంట్లు. ఛర్రాలు ఆయన 25 పౌన్ల సంచిగా 50 డాలర్లకు కొంటాడు. పౌనుకు పదహారు ఔన్సులు కనుక సంచి నుంచి 400 తూటాలు వస్తాయి, అంటే తూటాకు పన్నెండున్నర సెంట్లు. గొట్టానికి సున్నా వేశాడు. మొత్తం ముప్పై మూడున్నర సెంట్లు. పాతిక తూటాల పెట్టెకు 8 డాలర్ల 38 సెంట్లు. అదే ఊళ్లో దుకాణంలో సాధారణ రకం కొత్త పెట్టె 9 డాలర్ల 60 సెంట్లని ఆయనే రాశాడు. అంటే పెట్టెకు మిగిలేది ఒక డాలరు ఇరవై సెంట్ల చిల్లర.

ఆయన యంత్రం ధర 300 డాలర్లు. పెట్టెకు ఒక డాలరు ఇరవై సెంట్ల చొప్పున ఆ డబ్బు తిరిగి రావడానికి 250 పెట్టెలు, అంటే 6,250 తూటాలు నింపాలి. చేత్తో పిడి లాగే యంత్రం మీద అలవాటైన మనిషి గంటకు వంద తూటాలు చేయగలడని ఆయన అంచనా. అరవై గంటలకు పైగా పని చేసిన తర్వాత గానీ యంత్రం ఖర్చు తీరదు, ఆ తర్వాత కూడా గంట శ్రమకు వచ్చేది అయిదు డాలర్ల లోపే. మేనమామ దీన్ని దాచలేదు. తాను పొదుపు కోసం కాదు, ఇష్టం కోసం నింపుతానని, లాభం నిజంగా కనిపించేది తన వేట రైఫిల్ తూటాల్లోనేనని చిట్టా కిందే రాశాడు. అది వాస్తవం. పెద్ద రైఫిల్ తూటాలో ఇత్తడి గొట్టం ఖరీదైన భాగం, కొత్త తూటా ధరలో దాని వాటా పెద్దది, అది పలుమార్లు వాడుకోదగినది. పన్నెండు బోరులో గొట్టం పలుచని ప్లాస్టిక్, పైగా ఫ్యాక్టరీలు ఈ తూటాలను కోట్ల సంఖ్యలో తయారుచేసి చవగ్గా అమ్ముతాయి. చవకైన భాగాన్ని ఉచితంగా పొంది ఖరీదైన భాగాలన్నీ చిల్లర ధరకు కొనుక్కుంటే మిగులు ఎక్కడి నుంచి వస్తుంది? పత్తి మనిషికి ఈ మాట వెంటనే అందింది.

ధరలు ఎప్పుడూ ఇలాగే లేవు. 2020కి ముందు అమెరికాలో ప్రైమర్ మూడు, మూడున్నర సెంట్లకు దొరికేది. ఆ సంవత్సరం వచ్చిన కొరతలో ధర రెట్టింపు దాటి, తర్వాత కొంత దిగినా పాత స్థాయికి రాలేదు. మందు ధర కూడా పెరిగింది. నేటి తూటాల్లో వాడే పొగరాని మందుకు మూలం నైట్రోసెల్యులోజ్. దాని ముడిసరుకు లింటర్లు, అంటే జిన్నింగ్‌లో దూది వేరైన తర్వాత కూడా పత్తి గింజను అంటుకుని ఉండే పొట్టి నూగు. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022 నుంచి ఫిరంగి మందుకు గిరాకీ విపరీతంగా పెరగడం, యూరప్ దేశాలు ఈ లింటర్ల కోసం ఎక్కువగా చైనా మీద ఆధారపడి ఉండటం వల్ల ఆ ఒత్తిడి క్రీడా తూటాల మందు మీద కూడా పడింది. ఇది చెప్పినప్పుడు తండ్రి నవ్వి, "గింజల మీది నూగుకు గింత కథ ఉన్నదా సార్? మేము ఆయిల్ మిల్లుకు గింజ తూకమేసి పంపుడే గని, ఆ నూగు ఏడికి పోతదో ఎన్నడు అడగలే" అన్నారు. ఎనుమాముల యార్డులో పత్తి బస్తాల మధ్య కూర్చుని వినదగిన సంగతే గానీ, ఆ నూగు ఇక్కడ పుడుతుంది కాబట్టి మందు ఇక్కడ చవకవుతుందని కాదు. నూగుకూ మందుకూ మధ్య ఆమ్లాల కర్మాగారం, పేలుడు పదార్థాల చట్టం, ప్రభుత్వ అనుమతులు అడ్డంగా ఉన్నాయి.

ఇక్కడి లెక్క

అదే చిట్టాను ఇక్కడికి మార్చి రాద్దామని కూర్చుంటే సగం వరుసలు ఖాళీగా మిగిలాయి. ప్రైమర్లకు, మందుకు, వాడ్‌లకు మన దగ్గర పౌరులు చిల్లరగా కొనుక్కునే బజారు లేదు. ధర లేని వస్తువుకు లెక్క వేయలేం. మేనమామ తెచ్చేవాటి ధర వేద్దామంటే రవాణా ప్రశ్న వస్తుంది. విమాన ప్రయాణికుల సామాను నియమాల్లో క్రీడా తూటాలకు పరిమితమైన వెసులుబాటు ఉంది: విమాన సంస్థ అనుమతితో, చెక్ఇన్ సామానులో, మనిషికి ప్యాకింగుతో కలిపి 5 కిలోల వరకు. ఆ వెసులుబాటు పూర్తిగా తయారైన తూటాలకే. విడి ప్రైమర్లు, విడి మందు ప్రయాణికుల సామానులో అసలు వెళ్లకూడదు. ఆ అయిదు కిలోల తూటాలైనా విమానం ఎక్కించుకోవడానికి మాత్రమే పనికివచ్చే అనుమతి. దేశంలోకి దింపుకోవడానికి ఆయుధ చట్టం 10వ సెక్షన్ కింద దిగుమతి లైసెన్సు వేరుగా కావాలి. పైగా అయిదు కిలోలంటే పన్నెండు బోరు తూటాలు నూట ఇరవై, నూట ముప్పై. ట్రాప్ క్వాలిఫికేషన్‌లో 125 బిళ్లలు, ఒక్కో బిళ్లకు రెండు తూటాల వరకు కాల్చే అవకాశం ఉంటుంది. ఒక్క పోటీకి కూడా చాలని సరుకు కోసం అంత వ్యవహారం నడపడం దండగ.

ఇక సీసం. అంతర్జాతీయ ట్రాప్ నియమాల ప్రకారం తూటాలో ఛర్రాల బరువు 24 గ్రాములు, సహనపరిమితి కలిపి 24.5 గ్రాములు దాటకూడదు. కిలో సీసానికి నలభై ఒక్క తూటాలు. వెయ్యి తూటాలకు 24 కిలోలు. సీసం వరంగల్‌లో దొరుకుతుంది, నిజమే. పాత బ్యాటరీల సీసం కూడా దొరుకుతుంది. కానీ ట్రాప్ ఛర్రాలు మెత్తటి సీసం కావు. యాంటిమొనీ కలిపి గట్టిపరిచి, ఒకే సైజులో గుండ్రంగా వచ్చేలా తయారుచేసి, జల్లెడ పట్టి వేరుచేసినవి. మెత్తటి, ఎగుడుదిగుడు ఛర్రాలు బ్యారెల్‌లో నలిగి, బయటికి వచ్చాక చెదిరిపోతాయి. 110 మిల్లీమీటర్ల వెడల్పు, 105 గ్రాముల బరువు ఉండే మట్టి బిళ్ల అంచున తగిలే సందర్భంలో ఆ చెదురుడు వల్లనే బిళ్ల పగలకుండా పోతుంది. ఇంటి వెనక షెడ్డులో సీసం కరిగించడం వల్ల పొగ, దుమ్ము రూపంలో ఒంట్లోకి చేరే సీసం మరో ఖర్చు, దాన్ని ఏ పద్దులోనూ రాయలేం.

తండ్రి గమనించని మరో సంగతి కుటుంబం ఖర్చుల పుస్తకంలోనే ఉంది. హనుమకొండలో ట్రాప్ రేంజ్ లేదు. సాధన అంతా హైదరాబాద్ గచ్చిబౌలి రేంజ్‌లోనే, అంటే వెళ్లడానికే నూట యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణం. పుస్తకంలో తూటాల వాటా పెద్దదే, సగానికి కొంచెం పైన ఉంది. మిగతాది బిళ్లల రుసుము, రేంజ్ రుసుము, డీజిల్, ఉదయం ఆరింటికి అక్కడ ఉండాలంటే ముందు రాత్రి బస. తూటా ఇంట్లో నిండినా ఈ రెండో సగం రూపాయి కూడా తగ్గదు.

చట్టం ఎక్కడ నిలుస్తుంది

ఇక్కడ చాలామందికి ఉన్న అపోహ ఒకటే: తుపాకికి లైసెన్సు ఉంది, తూటాలు కొనే హక్కు ఉంది, కాబట్టి తన వాడకం కోసం తానే నింపుకుంటే తప్పేముంది? ఆయుధ చట్టం 1959 అలా చూడదు. అందులో మందుగుండు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. తయారైన తూటాతోపాటు తుపాకి మందు ఛార్జీలు, మందుగుండు విడిభాగాలు, మందుగుండును తయారుచేసే యంత్రాలు కూడా ఆ నిర్వచనంలోనే ఉన్నాయి. అంటే మేనమామ సూట్‌కేసులో తేదలచిన యంత్రం, ప్రైమర్లు, మందు విడివిడిగానే చట్టం దృష్టిలో మందుగుండు అవుతాయి. తయారీకి 5వ సెక్షన్ కింద వేరే లైసెన్సు కావాలి. తుపాకి దగ్గర ఉంచుకోవడానికి 3వ సెక్షన్ కింద ఇచ్చిన లైసెన్సు ఆ పనికి చెల్లదు. 5వ సెక్షన్‌ను ఉల్లంఘించి తయారుచేస్తే 25వ సెక్షన్ కింద శిక్ష. 2019 సవరణ తర్వాత అది కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. మందును నిల్వ చేసినందుకు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, దాని కింద వచ్చిన 2008 నియమాలు వేరుగా వర్తిస్తాయి.

కేసులో అసలు చిక్కు ఈ దశలోనే బయటపడింది. ప్రతిపాదన ఇంకా మాటల్లో ఉందని నేను అనుకుంటుండగా, కుర్రవాడు గచ్చిబౌలి నుంచి ఖాళీ గొట్టాలు ఏరి తెచ్చి ఇంటి మేడ మీద గోనె సంచిలో పోగేశాడని మాటల మధ్య తెలిసింది. సంచి కిందికి దింపించి టేబుల్ మీద కొన్ని పరచి చూశాను. ఎరుపు, నీలం ప్లాస్టిక్ గొట్టాలు, అడుగున ఇత్తడి రంగు టోపీ, టోపీ మధ్యలో పిన్ను పొడిచిన గుంట. నోటి దగ్గర ఒకప్పుడు పువ్వులా మడిచిన మడతలు విచ్చుకుని, అంచులు పీచులు లేచి ఉన్నాయి. కొన్నింటి లోపలి గోడ మీద మందు కాలిన చోట ప్లాస్టిక్ కరిగి మరకలు పడింది. అడుగు టోపీలు కొన్ని అయస్కాంతం ఆనించగానే అతుక్కున్నాయి, అంటే అవి ఇత్తడి కావు, ఇత్తడి పూత పూసిన ఇనుము. ఇలాంటి చవకరకం గొట్టాల నోటి మడత రెండోసారికే సరిగా పట్టదు. ఉచితమని పోగేసిన సంచిలో నిజంగా నింపదగినవి ఎన్నో కుర్రవాడికీ అప్పుడే అర్థమైంది.

చట్టపరంగా ఆ సంచి స్థితి ఆసక్తికరమైనది. అదే చట్టంలోని 45వ సెక్షన్ కొన్నింటికి మినహాయింపు ఇస్తుంది. ఆయుధాల, మందుగుండు చిన్న భాగాలను దగ్గర ఉంచుకున్నా, వాటికి జతపడే మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేకపోతే, ఆ మనిషికి చట్టం వర్తించదు. జతపడే భాగాలు అతని దగ్గరే ఉండనక్కరలేదు, ఇంకొకరి దగ్గర ఉన్నా ఉద్దేశం లెక్కలోకి వస్తుంది. షోకేసులో జ్ఞాపకంగా పెట్టుకున్న ఖాళీ గొట్టానికి ఈ మినహాయింపు రక్షణ. అదే గొట్టాలు వందలుగా సంచిలో ఉండి, నింపే యంత్రం ఎప్పుడు తెస్తావని మేనమామకు పంపిన సందేశాలు ఫోనులో ఉంటే ఉద్దేశం గురించి ఎవరూ వాదించనక్కరలేదు. యంత్రం ఇల్లు చేరకముందే, ఒక్క తూటా నింపకముందే రక్షణ చేజారుతుంది. తండ్రికి లాభనష్టాల కన్నా ఎక్కువగా తగిలింది ఈ అంశమే. న్యాయవాదిని సంప్రదించి, సంచిని మరుసటి ప్రయాణంలోనే రేంజ్‌కు తీసుకెళ్లి అప్పగించాం, అప్పగించినట్టు రాయించుకున్నాం. లైసెన్సు ఉన్న ప్రతి షూటర్ ఇంట్లో అలమారలు, కిట్ బ్యాగు జేబులు ఒకసారి వెతికి చూసుకోవడం మంచిది. మరిచిపోయిన తూటా శంషాబాద్ స్కానర్‌లో కనబడితే ఆ రోజు ప్రయాణం ఆగిపోతుంది, పోలీస్ స్టేషన్ తిప్పలు మొదలవుతాయి.

నాటు మందు ప్రస్తావన

ఉత్తర తెలంగాణలో ఈ విషయం మాట్లాడితే పెద్దవాళ్లు ఒక మాట తప్పకుండా అంటారు: మా తాతల కాలంలో ఇత్తడి తూటాలు ఇంట్లోనే నింపుకునేవాళ్లం కదా? ఈ ఇంట్లోనూ కుర్రవాడి పెద్దనాన్న అదే అన్నారు. ఆ కాలంలో వాడింది నల్లటి తుపాకి మందు, అంటే నాటు మందు. గంధకం, సురేకారం, బొగ్గు కలిపిన ఆ మందుకూ నేటి పొగరాని మందుకూ పోలిక రంగు దగ్గరే ఆగిపోతుంది. నాటు మందును గిన్నెతో కొలిచి పోసేవారు; చిటికెడు అటూఇటూ అయినా పాత తుపాకి తట్టుకునేది. పొగరాని మందులో అదే గిన్నెలో పట్టే శక్తి చాలా ఎక్కువ. అలవాటు కొద్దీ నాటు మందు కొలతతో పొగరాని మందు పోస్తే బ్యారెల్ పగిలి, కాల్చిన మనిషి చేతికీ ముఖానికీ గాయమవుతుంది. తూకం సరిగానే ఉన్నా వాడ్ మార్చినా, గొట్టం లోపలి ఆకారం మారినా, ప్రైమర్ రకం మారినా పీడనం మారిపోతుంది. ఫ్యాక్టరీలు ప్రతి బ్యాచ్ పీడనాన్ని కొలిచి విడుదల చేస్తాయి. ఇంట్లో కొలిచే సాధనం ఉండదు. నింపే చట్టబద్ధమైన స్వేచ్ఛ ఉన్న దేశాల్లో కూడా తయారీదారు ప్రచురించిన పట్టికను అక్షరం తప్పకుండా అనుసరించమని చెప్పేది అందుకే. పెద్దనాన్న అభిప్రాయం మారిందని చెప్పలేను. ఆయన తన తుపాకిలో పండుగకు కాల్చే ఒకటి రెండు తూటాల లెక్కలో ఆలోచిస్తారు, మనం సీజనుకు వేలలో ఆలోచిస్తున్నాం.

కుటుంబంతో ఖరారు చేసుకున్న మార్గం

ప్రతిపాదన పక్కకు పోయింది కానీ దాన్ని పుట్టించిన ఖర్చు అలాగే ఉంది. కాబట్టి పొదుపు ఎక్కడ సాధ్యమో అక్కడే వెతకాల్సి వచ్చింది. నా అభిప్రాయంలో ట్రాప్ శిక్షణలో వృథా అయ్యే తూటా రెండో తూటా. క్వాలిఫికేషన్‌లో మొదటి తూటా తప్పితే రెండోది కాల్చి బిళ్లను పగలగొడితే దానికీ పూర్తి పాయింటే. ఈ సౌకర్యం సాధనలో దురలవాటుగా మారుతుంది. మొదటి తూటాను సగం మనసుతో వదిలి రెండోదాని మీద భరోసా పెట్టుకునే షూటర్లను చాలామందిని చూశాను. ఫైనల్లో బిళ్లకు ఒక్కటే తూటా. అందుకని ఈ కుర్రవాడి సాధనలో ఎక్కువ రౌండ్లు ఒకే తూటాతో ఆడేలా మార్చాం. తుపాకిలో రెండోది పెట్టడమే లేదు. మొదట్లో స్కోరు బాగా పడిపోయింది. తండ్రి ఫోను చేసి ఇదేం పొదుపని అడిగారు కూడా. కొన్ని వారాల్లో మొదటి తూటా పట్టు పెరిగి, పోటీలో రెండో తూటా అవసరం పడే సందర్భాలే తగ్గాయి.

రెండోది, తూటా లేని సాధన. లైసెన్సు షరతులకు లోబడి, తుపాకి ఖాళీగా ఉందని ఇంట్లో ఇంకొకరితో నిర్ధారించుకుని, పిన్ను దెబ్బతినకుండా డమ్మీ తూటాలు పెట్టి, గోడ మీద గీసిన గీత వెంట తుపాకిని భుజానికి ఎత్తి తిప్పడం. ట్రాప్‌లో బిళ్ల తప్పిపోయే కారణాల్లో ఎక్కువ భాగం బిళ్ల కనిపించాక జరిగేవి కావు. చెంప తుపాకి వెనక చెక్కకు ఆనే చోటు, నిలుచున్న తీరు, కన్ను ఎదురుచూసే స్థలం, వీటిలోనే తేడా వస్తుంది. ఇవన్నీ హనుమకొండ ఇంటి మేడ మీద, గచ్చిబౌలి వెళ్లకుండానే సరిదిద్దుకోవచ్చు. ఎయిర్ రైఫిల్ నేపథ్యం ఉన్నవాళ్లకు మరో ఇబ్బంది ఉంటుంది. ఆ ఆటలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు మాత్రమే, శరీరం శిలలా నిలిచిపోవాలని నేర్పుతాం. ట్రాప్‌లో అదే స్థిరత్వం అడ్డవుతుంది, తుపాకి బిళ్లతో పాటు ఆగకుండా కదలాలి. ఆ అలవాటు మార్చడానికి ఖాళీ తుపాకితో చేసిన సాధనే ఎక్కువ పనికొచ్చింది.

మూడోది కొనుగోలు పద్ధతి. ఇంతకుముందు కుర్రవాడు పోటీ దగ్గరపడినప్పుడల్లా దొరికిన రకం, దొరికిన ధరకు కొనేవాడు. వేట కోసం తయారైన బరువైన తూటాలతో సాధన చేసి, పోటీలో 24 గ్రాముల తూటా వాడిన సందర్భాలు కూడా ఉన్నాయి. భుజానికి తగిలే దెబ్బ వేరు, ఛర్రాల వేగం వేరు, డబ్బు కూడా ఎక్కువ. ఇప్పుడు సీజన్ మొత్తానికి కావలసిన లెక్క ముందే వేసి, రాష్ట్ర షూటింగ్ సంఘం సభ్యత్వం ద్వారా తోటి షూటర్లతో కలిసి ఒకే రకం తూటాలను ఒకేసారి తీసుకుంటున్నారు. ఎవరి వాటా వారి లైసెన్సు మీదే నమోదవుతుంది. ఒకరి లైసెన్సు మీద కొని మరొకరికి పంచుకోవడం కుదరదని ముందే గట్టిగా చెప్పాను. గచ్చిబౌలి ప్రయాణాలను కూడా వారానికి ఒకసారి అన్న పద్ధతి నుంచి తప్పించి, రెండు మూడు రోజులు వరసగా ఉండి వచ్చేలా మార్చాం. డీజిల్, బస పద్దులు తగ్గింది ఇక్కడే.

సీజన్ చివర పుస్తకం చూస్తే సాధనలో కాల్చిన తూటాల సంఖ్య మూడో వంతుకు పైగా తగ్గింది. పోటీ స్కోరు తగ్గలేదు. మేనమామ యంత్రం మీద ఎన్ని వేల తూటాలు నింపినా ఆ స్థాయి మిగులు వచ్చేది కాదని తండ్రి తన లెక్కలోనే తేల్చుకున్నారు.

తేలని విషయం ఒకటి మిగిలింది. లైసెన్సు పుస్తకంలో ఒకేసారి దగ్గర ఉంచుకోదగిన తూటాల సంఖ్య, సంవత్సరానికి కొనదగిన సంఖ్య విడివిడిగా రాసి ఉంటాయి. మామూలు లైసెన్సుకు ఇచ్చే సంఖ్య ట్రాప్ సాధనకు ఏమాత్రం చాలదు. క్రీడాకారులకు ఎక్కువ సంఖ్య ఇవ్వడానికి ఆయుధ నియమాలు 2016లో వీలుంది. అందుకు పోటీల్లో పాల్గొన్న ధ్రువపత్రాలు, సంఘం సిఫారసు కావాలి. ఆ కాగితాలతో దరఖాస్తు పెట్టించాం, లైసెన్సింగ్ అధికారి దగ్గర అది పరిశీలనలో ఉంది. అనుమతి వచ్చేవరకు తూటాలు కాల్చే సాధనను వారంలో రెండు రోజులకే పరిమితం చేసి, మిగతా రోజుల్లో మేడ మీద ఖాళీ తుపాకితోనే సాధన కొనసాగించాలని నిర్ణయించుకున్నాం.